బస్తరు పలుకులలో తెలుగు పోగొట్టుకొన్న అక్షరములు

(సంఘ వార్షికోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



ఈజిప్టు దేశపు పిరమిడ్లను గూర్చి వినని విద్యావంతుడు ఉండడు. ఆ పిరమిడ్లను కట్టించిన రాజుల భాషలో "నేను" అను మాటకు ఏమందురు, వారి క్రియాపదము ఎట్లు నడచును అని అడిగినచో బదులు చెప్పగలవారు కొలదిమంది. విశాఖపట్నమున కిరందూలు రైలెక్కి జగదల్‌పూరులో దిగినవాని చెవిని పడు పర్జీ, గోండీ భాషలలో "నేను" అనుటకు ఏమందురని అడిగినచో బదులు చెప్పగలవారు అంతకంటెను తక్కువ. ఈజిప్టు రాజులు ఐదువేల యేండ్లనాటి మాట. బస్తరు ఒక పగటి ప్రయాణము. గనులలోను, రైల్వేలోను, తంతి తపాలా శాఖలలోను ఉద్యోగరీత్యా బస్తరులో ఏండ్ల తరబడి కాపురమున్న తెలుగు కుటుంబములు అనేకము. వారి ఇండ్లలో పిల్లలకు ఫరో కథలు తెలియును. పాలు తెచ్చి పోయు మనిషి ఇంటి భాష పేరు తెలియదు.

ఈ రెండింటిని కలిపి చెప్పుటకు ఒక కారణము కలదు. ప్రాచీన ఈజిప్టు లిపిలో హల్లులే వ్రాయబడెను, అచ్చులు వ్రాయబడలేదు. "మంచి" అను అర్థముగల పదము న, ఫ, ర అను మూడు హల్లులుగా మాత్రమే కనిపించును. నేటి పండితులు పలుకుటకు వీలుగా మధ్య ఎకారములు చేర్చి "నెఫెర్" అనుచున్నారు. అది వాడుక కొరకు చేసికొన్న ఏర్పాటేకాని ప్రాచీనుల ఉచ్చారణ కాదు. నిజమైన అచ్చుల జాడ తెలియవలెనన్నచో ఆ భాషకు సంతానమైన కోప్టు భాషను ఆశ్రయింపవలెను. కోప్టు భాష గ్రీకు అక్షరములతో వ్రాయబడెను గనుక దానిలో అచ్చులు కలవు. లిపిలో "ఇ-న-క" అని మాత్రమే కనుపించు ఉత్తమపురుష సర్వనామము కోప్టులో "అనోక్". "పేరు" అను అర్థముగల "ర-న" కోప్టులో "రాన్".

రొసెట్టా శిల 1799లో దొరికినది. దాని రహస్యమును 1822లో విప్పిన షాంపోలియన్ చిన్నతనముననే కోప్టు నేర్చినవాడు. ఒక రాజు పేరు వ్రాసిన చట్రములో సూర్యబింబమును చూచినపుడు కోప్టులో సూర్యుని "రే" అందురని, పుట్టించుటను "మిసే" అందురని అతనికి స్ఫురించెను. రామ్సెస్ పేరు అట్లు చదువబడినది. దేవాలయ ప్రార్థనలలో మాత్రమే మిగిలిన ఒక భాష మూడువేల యేండ్ల శాసనములకు నోరిచ్చినది. షాంపోలియన్‌కు పూర్వము ఎందరో ఆ బొమ్మలను చూచిరి, ఊహించిరి, గ్రంథములు వ్రాసిరి. కోప్టును ఆధారముగా గొని ఇంత దూరము నడచినవాడు లేడు.

ఆ భాషలో సర్వనామముల పని విచిత్రముగా ఉండును. "వినుట" అను ధాతువునకు "ఫ" చేర్చినచో "అతడు వినును", "స" చేర్చినచో "ఆమె వినును", "క" చేర్చినచో "నీవు వినుదువు" అని అర్థము. "నీవు" స్త్రీ అయినచో "క"కు బదులు "త్". ఈ ప్రత్యయములే నామవాచకమునకు చేరినచో "అతని ఇల్లు", "నీ ఇల్లు" అగును. తెలుగువానికి ఇది మరీ కొత్తది కాదు. వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి అను క్రియల చివర నిలిచినవి పురుషబోధకములైన ప్రత్యయములే. క్రియతో ఆగక "తెలుగువాడను", "మంచివాడవు", "చిన్నవారము" అని నామములకును వానిని చేర్చుట మన భాష సంప్రదాయము. అయితే ఈ పోలికను చూచి ఈజిప్టు భాష తెలుగునకు చుట్టమని చెప్పుట తొందరపాటు. అది అరబ్బీ, హీబ్రూ భాషలతో దూరబాంధవ్యము గల కుటుంబమునకు చెందినది. రెండు జాతులు వేరువేరుగా ఒకే ఉపాయమును కనుగొనవచ్చును. చుట్టరికము తేల్చునది ఒకటి రెండు మాటల పోలిక కాదు; ఒక అక్షరమునకు బదులు మరియొక అక్షరము మాట తరువాత మాటలో క్రమము తప్పక కనిపించుట. అట్టి క్రమము తెలుగునకు కావలసినచో నైలు నది దాక పోనక్కరలేదు, ఇంద్రావతి చాలును.

బస్తరులో భాషలు పెక్కు. అంగడిలో అందరికి ఉమ్మడిగా నడచునది హల్బీ, అది ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. మాడియా, మురియా జనులు గోండీ మాండలికములు మాటలాడుదురు. దక్షిణమున కుంట, సుకుమా ప్రాంతములలో దోర్లీ వినబడును; అది కోయ మాటయే, తెలుగుతో కలిసి మెలిసి పెరిగినది. జగదల్‌పూరునకు దక్షిణమున, దర్భా కొండల వైపున ధుర్వాలు నివసింతురు. వారి భాష పర్జీ. 1910లో జరిగిన భూమ్‌కాల్ తిరుగుబాటునకు నాయకుడైన గుండాధుర్ వారిలోనివాడే.

తెలుగు బస్తరునకు అతిథిగా నిన్న మొన్న వచ్చినది కాదు. బారసూరులో నాగవంశపు రాజుల కాలమునాటి తెలుగు శాసనము 11వ శతాబ్దమునకు చెందినది. దంతేవాడలో 1703నాటి శాసనము వేయించిన దిక్పాలదేవుని వంశము ఓరుగంటి కాకతి ప్రతాపరుద్రుని వంశముతో సంబంధము చెప్పుకొన్నది. ఇంతకాలపు సహవాసములో మాటలు చేతులు మారుట సహజము. దోర్లీలో కనిపించు తెలుగు మాటలు పెక్కు అట్లు అరువు పోయినవే. ఈ ప్రసంగమునకు అరువు మాటలతో పని లేదు. అంతకు వేల యేండ్లు ముందు ఒకే ఇంట పుట్టి వేరుపడిన మాటలతో పని.

ఆ మాటలను శ్రద్ధగా చేర్చినవారిలో ఇద్దరిని ఇచ్చట పేర్కొనవలెను. ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యుడైన థామస్ బరో, భారత ప్రభుత్వ మానవశాస్త్ర శాఖలో పనిచేసిన సుధీభూషణ్ భట్టాచార్య కలిసి పర్జీ భాషపై వ్రాసిన గ్రంథము 1953లో వెలువడినది. అంతకు పూర్వము పర్జీని గోండీలో ఒక మాండలికముగా లెక్కించుచుండిరి. అది వేరు భాషయని, కొలామీ, గదబలతో దానికి దగ్గర సంబంధమని ఆ గ్రంథము వలన తేలినది. కేంద్ర ప్రభుత్వోద్యోగి ఒకడు ఉద్యోగధర్మముగా కొండలు తిరిగి చేసిన పని తెలుగు పదముల చరిత్రకు ఇంత ఉపకరించినదని ఈ సభలో చెప్పుకొనుట ఉచితమే. తరువాత బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో వచ్చినది. ఆ యేడే భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల పరిశోధన అమెరికాలో అచ్చయినది. గోండీ తెలుగునకు తమిళముకంటె దగ్గరి చుట్టమని నేడు పండితులు చెప్పుట ఇట్టి పరిశోధనల ఫలితమే.

ఇక సర్వనామములు. పర్జీలో "నేను" ఆన్, "మేము" ఆమ్, "నీవు" ఈన్, "మీరు" ఈమ్. నేటి తెలుగుతో పోల్చినచో ఇవి కొత్తగా తోచును. భారతము చదివినవారికి మాత్రము కొత్త కాదు. కవిత్రయపు భాషలో ఏను, ఏము, ఈవు, ఈరు అను రూపములు అడుగడుగున కలవు. ఏనునకు ఆన్, ఈవునకు ఈన్ ఎంత దగ్గరివో వినగనే తెలియును. మన ఇండ్లలో వాడుక తప్పి పద్యములలో దాగిన రూపముల తోబుట్టువులు ధుర్వా పల్లెలలో పశువులు కాయు పిల్లవాని నోట నడయాడుచున్నవి. గోండీలో "నేను" నన్నా, "నీవు" ఇమ్మా లేక నిమ్మా. నన్నా అన్నచో తెలుగువాడు "నన్ను" అనుకొనును. ఇంతకంటె చిక్కైనది మరొకటి కలదు. గోండీ మాండలికములు కొన్నింట "ఓర్", "వోర్" అన్నచో "అతడు". తెలుగు చెవికి అది "వారు" అని తోచి, గోండు తన పాలేరును సైతము గౌరవముతో పిలుచుచున్నాడని భ్రమ కలుగును.

లింగ విషయము మరింత వినోదకరము. ఏకవచనములో పర్జీ, గోండీ, తెలుగు మూడును ఒకే దారి నడచును: పురుషుడు వేరు, స్త్రీయు పశువును వస్తువును కలిసి వేరు. పర్జీలో "ఓద్" అతడు, "అద్" ఆమెయు అదియు. తెలుగులో ఆమె వచ్చినది, ఆవు వచ్చినది అని క్రియ ఒకటే. బహువచనమునకు వచ్చుసరికి దారులు చీలినవి. పర్జీ, గోండీలలో పదిమంది స్త్రీలు కలిసి వచ్చినను "అవ్", అనగా మన "అవి". తెలుగులో అట్లు కాదు. స్త్రీలు పలువురైనచో "వారు వచ్చిరి" అందురు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇయ్యని మర్యాదను తెలుగు వ్యాకరణము మహిళా సంఘమునకు ఇచ్చినది! ఈజిప్టు భాషలోను ఏకవచనమున స్త్రీపురుష భేదము పాటించి, "వారు" అను అర్థముగల "స-న" ప్రత్యయమున ఆ భేదమును విడిచిరి.

కొన్ని శరీరాంగముల పేర్లను చూడుడు. తెలుగులో చెవి, గోండీలో కెవి లేక కవి. తెలుగులో చేయి, పర్జీలో కెయ్, గోండీలో కయ్. క్రియలలో తెలుగు "చేయు", గోండీలో ఆ ధాతువు "కీ". ఇ, ఎ అచ్చులకు ముందున్న పాత కకారము తెలుగులో చకారమైనదని ఈ మూడు మాటలు కలిసి చెప్పుచున్నవి. కన్నడమెరిగినవారికి కివి, కై గుర్తు రాక మానవు. అచ్చు వేరైనచో మార్పు లేదు: కన్ను గోండీలోను, పర్జీలోను "కన్" గానే నిలిచినది. క్రమము తప్పకుండుట అన్న మాటకు అర్థమిది.

ఇంతవరకు చెప్పినది మారిన అక్షరములను గూర్చి. అసలు విషయము తెలుగున పూర్తిగా మాయమైన అక్షరము. ఉప్పునకు పర్జీలో "చుప్". కొలామీలో "సుప్". గోండీ మాండలికములలో కొన్నింట "సోవర్", కొన్నింట "హోవర్", కొన్నింట "ఓవర్". అరకులోయ ప్రాంతపు కొండభాషలో "సోరు". తెలుగు, తమిళ, కన్నడములలో మాత్రము ఉప్పు. ఈ మాటకు మొదట చకారము ఉండెనని, మన భాషలు దానిని జారవిడిచినవని ఒక్క ఉప్పును చూచి చెప్పుట సాహసమే అగును. కాని సాక్ష్యము ఒకటి కాదు. ఆరునకు గోండీలో "సారుంగ్". ఐదునకు "సయ్యుంగ్", పాత తెలుగులో అది "ఏను". తెలుగు మాట అచ్చుతో మొదలగు ఈ చోట్ల గోండీ మాట సకారముతోను, పర్జీ చకారముతోను మొదలగుచున్నది. నన్నయకు పూర్వమే పోయిన అక్షరమిది. తెలుగు గ్రంథములన్నియు తిరుగవేసినను దాని జాడ దొరకదు. కోప్టు ఈజిప్టు శాసనములకు అచ్చులు తెచ్చి ఇచ్చినట్లు పర్జీ తెలుగునకు ఈ చకారమును తెచ్చి ఇచ్చినది.

గోండీలో మరొక విశేషము కలదు. సోవర్, హోవర్, ఓవర్ అను మూడు రూపములు మూడు కాలములవి కావు. ఒకే కాలమున వేరువేరు పల్లెలలో నడచుచున్నవి. పడమట, ఉత్తరమున స నిలిచినది. తూర్పునకు, దక్షిణమునకు వచ్చుకొలది హ అయినది. కొన్ని తావులలో అదియు పోయినది. తెలుగు ఎన్నడో ముగించిన ప్రయాణమును గోండీ ఇంకను చేయుచున్నది. అన్ని మాటలలోను మార్పు ఒక్కసారిగా రాదు. ఒక మాట ముందు, ఒక మాట వెనుక మారుచు పోవును. కృష్ణమూర్తిగారు ఈ స, హ, లోపముల క్రమమును గోండీ మాండలికములలో మాట మాటకు పరిశీలించి 1998లో ఒక వ్యాసము ప్రకటించిరి. భాషలో మార్పు ఎట్లు వ్యాపించునో ప్రపంచ పండితులకు చూపుటకు ఆయన ఎన్నుకొన్న ఉదాహరణము అడవి పల్లెల మాటయే.

ఇదే వరుసలో మరొక మాట కలదు. అది "లేదు". ప్రభుత్వ కార్యాలయములలో ఇంతకంటె ఎక్కువ వాడబడు తెలుగు మాట మరొకటి ఉండదని హాస్యమునకు అనవచ్చును. తమిళులు ఇల్లై అందురు. గోండీలో సిల్లె, హిల్లె, ఇల్లె అని మాండలికమును బట్టి మారును. పర్జీలో ధాతువు "చిల్". అనగా "చిల్" అను ధాతువు మొదటి చకారమును పోగొట్టుకొని "ఇల్" అయినది. పిమ్మట తెలుగులో ఆ ఇకారమును తరువాతి అచ్చుతో కలిసి లకారము వెనుకకు జరిగినది. "ఇల" అనునది "లే" అయినది. రెండుసార్లు దెబ్బ తిన్న మాట గనుకనే చిల్, లే అనువానిని ప్రక్క ప్రక్కన పెట్టినచో ఎవరును చుట్టములని నమ్మరు. నడుమ నిలిచిన గోండీ రూపములే దారి చూపుచున్నవి.

అచ్చు వెనుకకు జరుగుట తెలుగున కనిపించు అలవాటు. తమిళమున మరము, గోండీలో మరా, పర్జీలో మెరి. పాత తెలుగులో అది మ్రాను, మ్రాకు. నేడు రేఫమును పోయి మాను. "వచ్చు" క్రియలో విధిరూపము "రా" ఎట్లయినదని బడిపిల్లలు అడుగుదురు, పంతుళ్లు ఆదేశమని చెప్పి ముగింతురు. పర్జీలో ఆ ధాతువు "వెర్", కొలామీలో "వర్". "వర" అనునది "వ్రా" అయి, వకారము జారి "రా" అయినది. మ్రాను మానైన తెరగు వంటిదే ఇదియు, మాను రేఫమును పోగొట్టుకొన్నది, రా వకారమును పోగొట్టుకొన్నది. రెండు అను సంఖ్య సంగతియు ఇంతే: పర్జీలో ఇర్దు, గోండీలో రండ్. ఈ మాటలో గోండీ తెలుగు వెంట వచ్చినది, పర్జీ పాత తావుననే నిలిచినది.

ఇట్టి విషయములు వినినపుడు ఉత్సాహము హద్దు మీరుట కలదు. గోండీలో నీటికి "ఏర్". తెలుగున "ఏరు" ఉన్నది గదా, ఇంకేమి అనిపించును. కాని ఏరనగా నది, నీరు కాదు. ప్రక్కనున్న కొలామీలో నీటికి "ఈర్", పర్జీలో "నీర్". ఆ వరుసలో చూచినచో గోండీ మాట మొదటి నకారము పోయిన నీరుగానే తోచును. చెవికి ఇంపైన పోలికకంటె వరుస తప్పని పోలికయే నమ్మదగినది. దీనిని విస్మరించినవారే ఈజిప్టు ఫరో పేరులో తెలుగు వెదకుదురు. ఫరో అనగా ఆ భాషలో "పెద్ద ఇల్లు". రాజప్రాసాదము పేరు రాజునకు వచ్చినది. అంతకు మించి మనకు దానిలో వాటా లేదు.

2011 జనాభా లెక్కలలో గోండీ మాతృభాషగా చెప్పినవారు సుమారు 29 లక్షల 84 వేలు. వారు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణ మొదలగు రాష్ట్రములలో చెదరి ఉన్నారు. పర్జీ చెప్పినవారు సుమారు 52 వేలు మాత్రమే. ఒక చిన్న పట్టణపు జనము. ఈ రెండు భాషలలో ఏదియు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో లేదు. ధుర్వా బాలుడు బడిలో హిందీ, అంగడిలో హల్బీ మాటలాడి, పర్జీని ఇంటికి విడిచిపెట్టును. ఇల్లు కూడ హల్బీకి మరలిన నాడు చుప్ అను మాట పుస్తకములో మాత్రమే మిగులును. పుస్తకములోని మాటను ప్రశ్నింపజాలము. 1953లో ఆ ఇద్దరు అడుగ మరచిన క్రియారూపము ఏదైన ఉన్నచో దానిని చెప్పగల నోళ్లు నేడు ఉన్నవి. కోప్టు భాష ప్రార్థనలలో మిగిలిన స్థితిలోనే అంత మేలు చేసినది. ఇచ్చట భాష ఇంకను కల్లు చెట్ల క్రింద నవ్వుచు, కొట్లాడుచు, బేరమాడుచు బ్రతికి ఉన్నది.

కాపురమునకు బచేలి, కిరందూలు, జగదల్‌పూరు పోవు సభ్యులకు, వారి పిల్లలకు చేతనైన పని ఒకటి కలదు. సంతకు వచ్చు మనిషిని ఉప్పు, ఆరు, లేదు అను మూడింటిని తన ఇంటి భాషలో ఏమనునో అడిగి, ఊరి పేరుతో, తేదీతో ఒక నోటు పుస్తకమున వ్రాసికొనవలెను. స, హ, లేక ఏ హల్లును లేకపోవుట, ఈ మూడింటిలో ఏది వినబడినదో తెలుగు అక్షరములలో వ్రాసికొనుట కష్టము కాదు. ఒక్కొక్క ఊరిలో ఒకే మాటకు తాత ఒక రూపము, మనుమడు మరొక రూపము చెప్పవచ్చును. రెండును వ్రాయవలెను, సరిదిద్దరాదు. అడిగినవారు తమ ఇంటి మాటను కూడ చెప్పవలెను. ఉప్పు అని చెప్పినపుడు అవతలి మనిషి హోవర్ అని నవ్వును.